గుణింతం పాడతాడు, ‘గో’ చదవలేడు

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్ల నాలుగు నెలలు. ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడిలో మూడో తరగతి. లెక్కలు బాగానే చేస్తాడు, ఏది చెప్పినా ఇట్టే పట్టుకుంటాడు. తెలుగు పుస్తకం ముందు పెడితే మాత్రం నోరు పెగలదు. అఆలు, గుణింతాలు గడగడా అప్పజెపుతాడు గానీ వత్తు కనిపిస్తే ఆగిపోతాడు. ‘మిత్రుడు’ అని ఉంటే ‘మితురుడు’ అంటాడు. పాత పాఠమైతే చూడకుండానే చెప్పేస్తాడు. చదవడంలో వచ్చే ఇబ్బంది, డిస్లెక్సియా ఉందేమో పరీక్ష చేయించమని క్లాస్ టీచర్ అన్నారు. ట్యూషన్ సార్ రోజూ పాఠాన్ని ఐదుసార్లు రాయిస్తున్నారు, ఏడుస్తూ రాస్తాడు. మా అత్తమ్మేమో ‘వాళ్ల నాయనకూ చదువు ఆలస్యంగనే వచ్చింది, అదే వస్తది’ అంటుంది. ఇది జబ్బా? ఎవరికి చూపించాలి? ఇంట్లో నేనేం చేయాలి?
– ఒక తల్లి, జగిత్యాల జిల్లా

సమాధానం: పరీక్ష సంగతి కాసేపు పక్కన పెడదాం. మీవాడు ఏ మెట్టు దగ్గర ఆగుతున్నాడో ముందు తేలాలి. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. గుణింతం అప్పజెపుతాడు, పాత పాఠం చూడకుండా చెపుతాడు అంటే విన్నది గుర్తుపెట్టుకునే శక్తి బాగానే ఉంది. చూసిన అక్షరాన్ని శబ్దంగా మార్చే పనే ఇంకా కుదురుకోలేదు. జ్ఞాపకం బాగున్న పిల్లల్లో ఈ లోటు రెండో తరగతి దాకా బయటపడదు. మూడో తరగతిలో పాఠాలు పెద్దవై, బట్టీ పట్టడం సాధ్యం కాకపోయేసరికి ఒక్కసారిగా వెనకబడ్డట్టు కనిపిస్తారు.

వాడి నెత్తిన ఎంత బరువుందో కూడా చూడండి. వర్ణమాలలో 56 అక్షరాలని చెప్పుకుంటాం గానీ, హల్లులకు గుణింతపు గుర్తులు చేరితే పిల్లవాడు గుర్తుపట్టాల్సిన రూపాలు నాలుగు వందలు దాటుతాయి. వత్తులు చేరితే ఇక లెక్కే లేదు. మన లిపికి తోబుట్టువైన కన్నడంలో ప్రాథమిక తరగతుల పిల్లలపై సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. ఈ రకం లిపిలో అక్షరాల మీద పట్టు ఒకటి రెండు తరగతులతో పూర్తికాదని, నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని అందులో తేలింది. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024 లెక్కలు చూసినా, గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు దాదాపు 27 శాతమే. ఇది మీకు ఊరట కోసం చెప్పడం లేదు. తరగతి ఒకచోట, చదవగల స్థాయి మరోచోట ఉండటం మన బడుల్లో మామూలు విషయమైపోయింది, అందుకని మూడో తరగతి పుస్తకమే పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. ముంబై, వడోదరల్లో జరిగిన బాలసఖి ప్రయోగ ఫలితాలు కూడా 2007లోనే వచ్చాయి. వెనకబడ్డ పిల్లల్ని రోజూ కొంతసేపు విడిగా కూర్చోబెట్టి, తరగతి పాఠం కాక వాళ్లకు రాని మొదటి మెట్టు నుంచి చెప్పించినప్పుడు వాళ్ల చదువు స్పష్టంగా మెరుగుపడింది. ఇంట్లో మీరు చేయాల్సిందీ అదే.

ఈ ఆదివారం అరగంట కేటాయించండి. పాత కాలెండర్ అట్టలు కత్తిరించి ముక్కల మీద పెద్దగా రాయండి. ముందు ఇరవై విడి అక్షరాలు, వరుస తప్పించి. తర్వాత ఇరవై గుణింతపు అక్షరాలు, అవీ కలగాపులగంగానే: గో, చె, టూ, పి, వి, వు, మై, సౌ, ఇలా. ఆ తర్వాత వత్తుల్లేని పది మాటలు: పలక, చిలుక, తేనె, బావి, కోడిపుంజు లాంటివి. అదే అక్షరానికి అదే వత్తున్న పది మాటలు: అక్క, చెట్టు, గడ్డి, పువ్వు. వేరే అక్షరం వత్తుగా వచ్చే పది: పద్యం, సూర్యుడు, మిత్రుడు, పుస్తకం, ప్రశ్న. చివరగా అర్థం లేని ఐదారు మాటలు మీరే కల్పించి రాయండి: దోమిక, బుట్టేలి, గిపోడు. వీటిని వాడు ఎక్కడా విని ఉండడు కాబట్టి ఊహించడం కుదరదు, అక్షరం చూసి చదవగలడో లేదో ఇక్కడే తెలిసిపోతుంది.

ఒక్కో ముక్క చూపించి మనసులో మూడు లెక్కపెట్టండి. ఈలోగా చెప్పకపోతే అది రానట్టే రాసుకోండి. తప్పు చెప్పినా దిద్దొద్దు, ముఖం కూడా మార్చొద్దు. పెదవుల్ని మాత్రం గమనించండి. ‘గో’ చూపించగానే ‘గ గా గి గీ గు గూ…’ అని గొణుక్కుంటూ వెళ్లి ‘గో’ దగ్గర ఆగితే, పాటగా వచ్చిందే తప్ప ఆ రూపం వాడికి ఇంకా తెలియదన్నమాట. ఇరవైలో పద్దెనిమిది, పదిలో తొమ్మిది వచ్చిన మెట్టు గట్టిది. అంతకంటే తగ్గిన మొదటి మెట్టు నుంచే పని మొదలుపెట్టాలి. మీరు వత్తుల గురించి రాశారు గానీ, గుణింతం దగ్గరే తడబాటు బయటపడితే ఆశ్చర్యపోకండి.

తప్పుల్ని ఎలా లెక్కించాలో చెపుతాను. ‘ధనం’ను ‘దనం’ అని చదివితే తప్పు కాదు, మాటల్లో మనలో చాలామంది పలికేది అలాగే. ‘వచ్చాడు’ అని అచ్చులో ఉంటే ‘వచ్చిండు’ అని చదివాడనుకోండి, అది అర్థం చేసుకుని చదివిన గుర్తు. మెచ్చుకుని, అక్కడ ఏ అక్షరముందో వేలుపెట్టి చూపిస్తే చాలు. పట్టించుకోవాల్సింది ప–వ, మ–య లాంటి తికమకల్ని. ప తలకట్టు విడిగా ఉంటుంది, వ తలకట్టు అతుక్కుని ఉంటుంది. పి, వి ల్లో గుడికీ అదే తేడా. అలాగే చాలా హల్లులకు కొమ్ము కుడిపక్కన తగులుతుంది గానీ పు, వు ల్లో కింది నుంచి వస్తుంది. వ పక్కనే కొమ్ము తగిలిస్తే అది ‘మ’ లా కనిపిస్తుంది. పెద్దవాళ్లకు ఇవన్నీ చేతి అలవాటుగా వచ్చేశాయి కాబట్టి పిల్లలకు విడమరిచి చెప్పాలని తట్టదు. జంటగా పక్కపక్కన రాసి, ‘వీటిలో తేడా ఎక్కడుందో వేలు పెట్టు’ అని అడగండి. చూపించగలిగిన తర్వాతే చదివించండి.

ఇక వత్తులు. ‘మిత్రుడు’ ఎందుకు ‘మితురుడు’ అయిందో చూద్దాం. ‘త్రు’లో కొమ్ము తగిలి ఉన్నది త కు. ర కింద వత్తుగా ఉంది. కానీ పలికేటప్పుడు త పొల్లుగా వచ్చి, కొమ్ము ర కు పోతుంది: త్, రు. మీవాడు కంటికి కనిపించిన వరుసలోనే చదివాడు: ముందు తు, ఆ తర్వాత రు. అంటే వాడు అజాగ్రత్తగా లేడు, నేర్చుకున్న నియమాన్నే నమ్మకంగా పాటించాడు. ఈ చోట ఆ నియమం మారుతుందని వాడికి ఎవరూ చెప్పలేదంతే. ‘స్త్రీ’లో అయితే గుడిదీర్ఘం స నెత్తిన ఉంటుంది, దాని పలుకు మాత్రం త, ర రెండూ దాటాక వస్తుంది.

కాబట్టి విడదీసి చూపించాలి. కాగితం మీద ‘త్ + రు = త్రు’ అని రాయండి. కుడివైపు మూసి ఎడమవైపు నెమ్మదిగా చదివించండి, తర్వాత వేగంగా కలిపి చదివించండి, అప్పుడు మూసింది తెరవండి. మర్నాడు తిప్పి చేయండి: ‘త్రు’ చూపించి వాడి చేత విడదీయించండి. ఈ రెండో పని చేయగలిగాడంటే వత్తు అర్థమైనట్టే. వరుస కూడా ముఖ్యం. మొదటి రెండు వారాలు అక్క, పువ్వు లాంటి ద్విత్వాలే. తర్వాత య, ర, ల, వ వత్తులు, ఆపైన న, మ, త. రాష్ట్రం, స్త్రీ లాంటి రెండు వత్తులవి అన్నిటికంటే చివర. గ, డ, ద లాంటివి తలకట్టు తీసేస్తే దాదాపు అవే వత్తులు, వాటికి పెద్దగా కష్టపడక్కర్లేదు. త, న, మ, య, ర, ల వత్తులకు మాత్రం అక్షరంతో పోలిక తక్కువ. వీటికి అట్టముక్క మీద ఒకవైపు అక్షరం, రెండో వైపు వత్తు రాసి విడిగా గుర్తుపట్టించాలి.

రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి ఆరు రోజులు చాలు. గంట కూర్చోబెడితే రెండో వారానికి ఇద్దరికీ విసుగొస్తుంది. మొదటి ఐదు నిమిషాలు పన్నెండు అట్టముక్కలు చూపించండి, అందులో కొత్తవి నాలుగుకు మించొద్దు. వరుసగా మూడు రోజులు తడుముకోకుండా చెప్పినవి తీసి వేరే డబ్బాలో వేసి వారానికోసారి చూపించండి. తప్పినవి మర్నాటికి మళ్లీ కట్టలోకి.

తర్వాతి ఐదు నిమిషాలు రాత, ఐదే మాటలు. మాట చూస్తాడు, పైకి చదువుతాడు, మీరు మూసేస్తారు, అక్షరం అక్షరం పలుకుతూ చూడకుండా రాస్తాడు, తెరిచి తనే పోల్చుకుంటాడు. ట్యూషన్‌లో ఐదుసార్లు రాయించడం ఆపించేయండి. చూచిరాతలో పిల్లలు ఏం చేస్తారో ఆ నోటుబుక్కు తిరగేస్తే కనిపిస్తుంది: మొదటి మాటను ఐదు వరుసల్లో నిలువునా రాస్తారు, ఆ తర్వాత రెండో మాట, ఆ తర్వాత మూడోది. రెండోసారి నుంచి పుస్తకం వైపు చూడరు, పైన తాము రాసిందే దించుతారు. మొదట ఒక వత్తు తప్పిందంటే ఆ తప్పునే ఐదుసార్లు సాధన చేసినట్టు. దీనివల్ల చేతిరాత కుదురుతుందేమో గానీ చదువు రాదు.

మిగిలిన పది నిమిషాలు ఇద్దరూ కలిసి చదవండి. పది మాటలకు ఒకటికి మించి తడబడని సులువైన కథ కావాలి. స్టోరీవీవర్ సైటులో స్థాయిల వారీగా తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ఒకటో స్థాయి నుంచి మొదలుపెట్టినా నామోషీ అనుకోకండి. పక్కన కూర్చుని ఇద్దరూ ఒకేసారి పైకి చదవండి, వేలు వాడిదే కదలాలి. ధైర్యం వచ్చాక మీ చేతిని తడితే మీరు ఆపేసేలా, ఒక్కడే చదివేలా ఒప్పందం పెట్టుకోండి. ఆగిన చోట మనసులో ఐదు లెక్కపెట్టి, మాట చెప్పేసి, వాడి చేత ఒకసారి అనిపించి ముందుకు సాగండి. అక్కడే ఆగి ‘ఇదేంటి? మొన్న చెప్పాను కదా’ అంటూ కూర్చుంటే కథ పోతుంది, కథ పోతే వాడూ పోతాడు. ఒకే పేజీ మూడు రోజులకు మించి చదివించొద్దు, కంఠతా వచ్చేస్తుంది. అనుమానమొస్తే చివరి వరుస నుంచి పైకి చదవమనండి.

వారానికోసారి, కొత్త పేజీ మీద, ఒక్క నిమిషం గడియారం పెట్టి ఎన్ని అక్షరాలు సరిగా చదివాడో ఒక పట్టికలో రాసి పెట్టుకోండి. 2021లో మొదలైన నిపుణ్ భారత్ పథకం మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలని లక్ష్యం పెట్టింది. కానీ ‘వెళ్లిపోయాడనుకున్నారు’ కూడా తెలుగులో ఒకటే మాట, ‘ఆవు’ కూడా ఒకటే మాట. అందుకే ఇంట్లో అక్షరాల లెక్కే నయం. పక్కింటి పిల్లతో కాదు, వాడి పోయిన వారం లెక్కతోనే పోల్చండి.

డిస్లెక్సియా గురించి. అది జబ్బు కాదు, తెలివి తక్కువ కావడమూ కాదు. అక్షరాన్ని శబ్దంతో ముడిపెట్టే పని మెదడుకు కష్టమవడం. పుట్టుకతో వచ్చే తీరు, కుటుంబాల్లో నడుస్తుంది. తండ్రికి ఇబ్బంది ఉండి ఉంటే కొడుక్కి అవకాశం మామూలు కంటే ఎక్కువ. ఆ మేరకు మీ అత్తమ్మ మాట కొట్టిపారేయదగ్గది కాదు. ‘అదే వస్తది’ అన్నదే సరికాదు. అమెరికాలోని కనెక్టికట్‌లో పిల్లల్ని చిన్నతనం నుంచి ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలో, చదువులో వెనకబడ్డవారు తమంతట తాము తోటివారిని అందుకోవడం అరుదేనని తేలింది. వయసుతో సర్దుకుంటుందని వదిలేస్తే ఐదో తరగతికి దూరం అలాగే ఉంటుంది, పైగా చదువంటే భయం కూడా తోడవుతుంది.

మన లిపిలో దీన్ని పట్టుకోవడంలో ఒక చిక్కుంది. ఇంగ్లిష్‌లో డిస్లెక్సియా తప్పుల రూపంలో కనిపిస్తుంది. రాసినట్టే పలికే భాషల్లో కొన్నాళ్లకు తప్పులు తగ్గిపోతాయి, నత్తనడక మాత్రం మిగిలిపోతుంది. ఆస్ట్రియాలో జర్మన్ చదివే పిల్లల్లో ముందుగా గమనించిన విషయమిది, తెలుగులోనూ చూడాల్సింది దాన్నే. ‘తప్పుల్లేకుండా చదువుతున్నాడు, కాస్త నిదానమంతే’ అని టీచర్లు వదిలేసే పిల్లల్లో డిస్లెక్సియా ఉన్నవాళ్లూ ఉంటారు.

పది వారాలు పైన చెప్పినట్టు చేయండి. డబ్బాలోకి ముక్కలు చేరుతూ, నిమిషం లెక్క పెరుగుతూ ఉంటే సమస్య ఎక్కువగా నేర్పిన తీరులోనే ఉన్నట్టు. క్రమం తప్పకుండా చేసినా సోమవారం వచ్చింది గురువారానికి పోతుంటే, లెక్క కదలకపోతే, ఇంగ్లిష్‌లోనూ అదే పరిస్థితి అయితే, మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లవాడైతే, తెలిసిన వస్తువుల పేర్లకు కూడా తడుముకుంటుంటే పరీక్షకు తీసుకెళ్లండి. కంటి పరీక్ష, చెవి పరీక్ష మాత్రం పది వారాలు ఆగకుండా ఈ నెలలోనే చేయించండి. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవి లోపల నీరు చేరి వినికిడి మందగించవచ్చు, టీవీ సౌండ్ పెంచమంటున్నాడేమో చూడండి. చదువుతూ చదువుతూ కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ పిలిచినా పలక్కపోవడం, అంతకుముందు బాగా వచ్చిన చదువు పోవడం గమనిస్తే మాత్రం వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి, అది వేరే సమస్య కావచ్చు.

పరీక్ష చేసేది క్లినికల్ సైకాలజిస్టు. ప్రభుత్వపరంగా పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లాల్లో పెట్టిన సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, వాటినే డీఈఐసీ అంటారు. జిల్లా ఆసుపత్రిలో అడగండి. ఎక్కడికి వెళ్లినా ముందే అడగాల్సిన మాట ఒకటుంది: ‘తెలుగులో కూడా చదివించి చూస్తారా?’ ఇంగ్లిష్ పేరాలు మాత్రమే ఇచ్చి తేల్చేస్తే, ఇంట్లో ఇంగ్లిష్ వినని పిల్లవాడి విషయంలో ఆ ఫలితానికి విలువ తక్కువ. తెలివితేటల పరీక్ష, చదవడం, రాయడం, లెక్కలు అన్నీ ఉండాలి, దానికి సమయం పడుతుంది. పావుగంటలో ప్రశ్నావళి నింపించి చీటీ రాసిస్తే నమ్మకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా చేరింది. దీని ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండినవారికే ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి, మీవాడు ఆ వయసు దాటాడు, ఇప్పటి నిబంధన మాత్రం ఒకసారి అడిగి చూడండి. ధ్రువపత్రం ఉంటే ముందుముందు బోర్డు పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు.

ఈలోగా చాలామంది చాలా అమ్మజూపుతారు. రంగు కళ్లద్దాలు, కళ్ల వ్యాయామాలు డిస్లెక్సియాకు పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యులు, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే కలిసి ప్రకటించాయి. జ్ఞాపకశక్తి సిరప్‌లు చదవడం నేర్పవు. కళ్లకు గంతలు కట్టి చదివిస్తామనే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ క్లాసులైతే శుద్ధ మోసం, పిల్లలు ముక్కు పక్క సందులోంచి చూస్తారు. ఆ డబ్బుతో పాతిక కథల పుస్తకాలు వస్తాయి.

క్లాస్ టీచర్‌ను ఒక్కటి కోరండి: మీ పట్టిక పూర్తయ్యేదాకా, కొత్త పాఠం ఇచ్చి అందరి ముందు లేచి చదవమనొద్దని. చదివించి తీరాలంటే ఏ నాలుగు వరుసలో ముందురోజు డైరీలో రాసి పంపమనండి. ఆ నాలుగు వరుసల్లో వచ్చే వత్తుల్ని ఆ సాయంత్రం అట్టముక్కల మీద రాసి ముందుగా చూపించవచ్చు. ఆ పది వారాల పట్టికను, తప్పిన ముక్కల జాబితాను పారేయకండి. పరీక్షకు వెళ్లాల్సి వస్తే సైకాలజిస్టుకు బడి మార్కుల కంటే అవే ఎక్కువ ఉపయోగపడతాయి.